కొత్త బోరుకు ముందు వాన లెక్క: సిద్దిపేట కాలేజీలు చేయవలసిన పని

సిద్దిపేట నేల అడుగున గ్రానైటు, నీస్ రాళ్లున్నాయి. నది ఒడ్డు ఇసుక నేలలో మాదిరిగా ఇక్కడ నీరు ఎక్కడ తవ్వితే అక్కడ ఊరదు. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి. వాన నీరు మొరంలో ఇంకి రాతి పగుళ్లలోకి దిగుతుంది. పగులు తగిలిన బోరు పోస్తుంది, తగలనిది ఎండుతుంది. లోతుకు పోయేకొద్దీ ఈ పగుళ్లు తగ్గిపోతాయి. అందుకే ఎండిన బోరు పక్కనే ఇంకా లోతుగా మరొకటి వేస్తే కాలేజీ ఆవరణలో కొత్త నీరేమీ పుట్టదు. మిగిలిన కొద్ది నీరు త్వరగా అయిపోతుంది.

2020లో రంగనాయకసాగర్, 2022లో 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయాలు జిల్లాకు వచ్చాయి. ఇంటింటికీ తాగునీటి పథకం మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న ఈ జిల్లాలోని కోమటిబండలోనే మొదలైంది. అయినా హాస్టల్ స్నానాలగదులు, మరుగుదొడ్లు, తోటలు బోరు మీద ఆధారపడిన చోట ఆ బోరును నింపేది వానే. చెరువుకు, కాలువకు దూరంగా మెరక మీద ఉన్న ఆవరణకైతే మరో దిక్కు లేదు.

ఆ వాన తక్కువేమీ కాదు. చదరపు మీటరు దాబా మీద ఒక మిల్లీమీటరు కురిస్తే ఒక లీటరు. ఏడాదికి 700 మి.మీ. అనుకున్నా వెయ్యి చదరపు మీటర్ల దాబా మీద 7 లక్షల లీటర్లు పడతాయి. అయిదో వంతు ఆవిరికీ చిందులకూ పోయినా 5,60,000 లీటర్లు మిగులుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 112 అన్నమాట. ఇంత నీటిని మోరీలోకి వదిలి, వేసవిలో ట్యాంకర్ కొనే కాలేజీ రెండుసార్లు నష్టపోతున్నట్టే.

ఒక ఇంకుడు గుంత తవ్వి ఫొటో దిగితే పని అయిపోదు. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో రాళ్లు నింపితే సందుల్లో పట్టేది దాదాపు 3,200 లీటర్లు. గంటకు 50 మి.మీ. చొప్పున దంచే వానలో ఆ దాబా నుంచి నిమిషానికి 650 లీటర్లకు పైగా దిగుతుంది. గుంత అయిదు నిమిషాల్లో నిండి, మిగతాదంతా రోడ్డు మీదికే పోతుంది. మన వాన చాలావరకు ఇలాంటి కొద్ది గంటల్లోనే కురుస్తుంది. కాబట్టి ముందు సంపు, అది పొర్లితే గుంతల వరుస, చివరికి ఎండిన బోరు అనే క్రమం కావాలి.

పాత బోరు నీటిని తాగుతుందో లేదో తేల్చడం తేలిక. ఒక ట్యాంకర్ నీరు పోసి మట్టం ఎంతసేపట్లో దిగుతుందో కొలవాలి. దిగితే కేసింగు చుట్టూ రాళ్లు, కంకర, దొడ్డు ఇసుక పొరలు వేసి దాబా నీటిని మళ్లించవచ్చు. ఇసుక గుండా వడగట్టని నీరు, తొలివానలో దాబా కడిగిన మురికి, కెమిస్ట్రీ ల్యాబు నీరు, సెప్టిక్ ట్యాంకు ఊట ఆ బోరులోకి పోనే పోకూడదు. ఒకసారి రాతి పగుళ్లలోకి దిగిన విషాన్ని బయటికి తీయడం ఎవరి తరమూ కాదు.

చట్టం వైపు నుంచి కొత్తగా అడగవలసిందేమీ లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) భూగర్భజలాల రక్షణను, వాననీటి సేకరణను అప్పుడే చేర్చుకుంది. సిద్దిపేట ప్రాంతంలోనే ఉన్న ఇబ్రహీంపూర్ పల్లె ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకుని పేరు తెచ్చుకుంది. ఇంజనీర్లు, అధ్యాపకులు, వందల మంది విద్యార్థులు ఉన్న కాలేజీలు ఆ పల్లె కంటే వెనకబడి ఉండడానికి కారణం కనిపించదు.

తమిళనాడు 2003లో అన్ని భవనాలకూ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. అలాంటి కట్టడాలు ఎక్కడైనా ఏటా శుభ్రం చేస్తేనే పనిచేస్తాయి. ఇసుక మీద పూడిక పేరుకుంటే గుంత నీరు తాగడం మానేస్తుంది. మే నెలలో దాబాలు ఊడ్చి, పై ఇసుక మార్చే పనిని ఎన్ఎస్ఎస్ విద్యార్థుల పట్టికలో చేర్చాలి. మేలో, నవంబరులో బోరు మట్టం కొలిచి, రోజువారీ వాన, మోటారు నడిచిన గంటలతో కలిపి ఒక రిజిస్టరులో రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. కొత్త బోరు కోరే ప్రతి దరఖాస్తుకూ ఆ రిజిస్టరు నకలు జత చేయాలన్న నియమాన్ని కాలేజీల యాజమాన్యాలు ఈ వానాకాలానికి ముందే పెట్టుకోవాలి.