అక్షరాల వేట

తెలుగు మీడియంలో చదివి ఈ కళాశాలకు వచ్చిన నాకు ఇంగ్లీషంటే భయం. వ్యాకరణ పుస్తకాలు వదిలించలేని ఆ భయాన్ని, ఇచ్చిన అక్షరాలున్న మాటలు వెతికే ఆట వదిలించింది.

తెలుగులో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషులో అలా కుదరదు గదా! ‘లిజన్’కీ ‘సైలెంట్’కీ అవే ఆరు అక్షరాలంటే చెవి నమ్మదు, కాగితం మీద పెడితే కన్ను నమ్ముతుంది. ఏ, ఈ, ఐ, ఓ, యూ అయిదూ ఉన్న మాట కోసం హాస్టలు గదిలో ఓ సాయంత్రమంతా బుర్ర గోక్కున్నాను. చివరికి దొరికింది: ‘ఎడ్యుకేషన్’!

ఇవాళ అక్షరాలిస్తే ఫోను క్షణంలో జాబితా చేతిలో పెడుతుంది. పెట్టనివ్వండి. కాని వెతుకులాటలో తగిలిన మాటలన్నీ నావయ్యాయి. జాబితాలోవి ఫోనువిగానే ఉండిపోయాయి. అందుకే మిత్రులారా, ముందు పెన్సిలు పట్టండి, ఫోను తరువాత!