ఫోన్ కోసం ఈఎంఐ కార్డు తీసుకుంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర దిగి ఎల్బీనగర్ వైపు నడిస్తే రోడ్డు పొడుగునా మొబైల్ షాపులే. లోపలికి వెళ్లగానే మొదటి మాట ఫోన్ గురించి ఉండదు. "అన్నా, ఈఎంఐ కార్డు ఉందా? లేకపోతే ఇప్పుడే చేసిస్తా, పాన్, ఆధార్ చాలు" అంటారు.

పోయినేడాది నేనూ అలాగే ఒక ఫోన్ తీసుకున్నా. ధర 24,000, నెలకు 4,000 చొప్పున ఆరు నెలలు, వడ్డీ లేదన్నారు. ఫైల్ ఛార్జ్ మాత్రం జీఎస్టీతో కలిపి 999. బిల్లు కొట్టేటప్పుడు ఊరికే అడిగా, క్యాష్ ఇస్తే ఎంతకిస్తారని. 22,500 అన్నారు! అంటే నేను 2,499 ఎక్కువ కడుతున్నా. ఏడాది లెక్కన చూస్తే 30 శాతం పైనే వడ్డీ. జీరో పర్సెంట్ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులో దాస్తున్నారని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

సరే, డబ్బు పోతే పోయింది. నాకు అసలు ఒళ్లు మండింది సిబిల్ రిపోర్ట్ చూశాక. ఆ రోజు ఓటీపీ మూడుసార్లు వచ్చింది, సర్వర్ ప్రాబ్లం అన్నారు, చెప్పేశా. తీరా చూస్తే మూడు వేర్వేరు ఫైనాన్స్ కంపెనీల ఎంక్వైరీలు! ఒకదాంట్లో అప్రూవ్ కాకపోతే ఇంకోదాంట్లో కొట్టారన్నమాట. ఇలా తక్కువ టైమ్‌లో ఎక్కువ ఎంక్వైరీలు పడితే స్కోర్ తగ్గుతుంది. మన రిపోర్ట్ మనం చూసుకుంటే మాత్రం తగ్గదు, ఆ భయం అక్కర్లేదు.

ఇంకోటి. ఈఎంఐ కార్డు మామూలు క్రెడిట్ కార్డు లాంటిది కాదు. దాని మీద తీసుకున్న ప్రతి వస్తువూ రిపోర్టులో ఒక్కో లోన్‌గా పడుతుంది. ఫోన్, ఇయర్‌బడ్స్, వాచ్ అంటే మూడు లోన్లు. రేపు హోమ్ లోన్‌కి వెళ్తే బ్యాంకు వాళ్లకి ఇవన్నీ కనిపిస్తాయి.

అలాగని అసలు తీసుకోవద్దని అనను. కోచింగ్ అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లకి సిబిల్‌లో ఏ హిస్టరీ ఉండదు. వాళ్లు ఒక్క ఫోన్, ఒక్క కంపెనీలో తీసుకుని టైమ్‌కి కడితే మంచి రికార్డే మొదలవుతుంది. కానీ అకౌంట్లో బ్యాలెన్స్ లేక ఒక్క ఈఎంఐ బౌన్స్ అయినా పెనాల్టీతో పాటు రిపోర్టులో మచ్చ పడొచ్చు. 2025 జనవరి నుంచి కంపెనీలు కనీసం 15 రోజులకోసారైనా వివరాలు పంపాలి కాబట్టి అది కనిపించడానికి ఎక్కువ రోజులు పట్టదు. జీతం 5న పడితే ఈఎంఐ 2న పెట్టుకోకండి. ఓటీపీ చెప్పేముందు మెసేజ్‌లో ఏ కంపెనీ పేరుందో చదవండి.

చివరి ఈఎంఐ కట్టాక ఎన్‌ఓసీ తీసుకుని, నెల ఆగి రిపోర్ట్ చూడండి. సిబిల్‌తో పాటు ప్రతి బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. నా లోన్ అయితే కట్టేశాక కూడా యాక్టివ్ అనే చూపించింది. డిస్ప్యూట్ పెట్టా. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మనకే ఇవ్వాలని రూల్ ఉంది. నాది 26వ రోజున క్లోజ్ చేశారు.