ఎఱ్ఱకారు బేరము



పోయిన మాసము నాచారమునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము నా యెదుట నున్నది. "అక్కయ్యా, మావారు కారు కొనవలెనని కూర్చున్నారు. ఇంటిలో కారు లేక కాదు. ఇది వేఱు జాతి కారు. పాతది, ఎఱ్ఱనిది, మహావేగము గలది. వలదంటినా, పిసినారి నగుదును. సరేయంటినా, రేపు అమ్మాయి చదువునకు డబ్బు చాలనినాడు అందఱును నన్నే యందురు. ఏమి చేయుదును?"

ఈ పుటలో మనము బియ్యము పురుగుపట్టకుండ దాచుట మొదలు చీటీపాటల వఱకు ముచ్చటించుకొంటిమి. కారుబేరమున కిదియే మొదలు. అయినను ఇరువది లక్షల రూపాయల మాట యే యింట పుట్టినను అది గృహవ్యవహారమే. అందుచే జాబు వ్రాసి యూరకుండక, ఆ వచ్చు నాదివారము నేనే నాచారము పోతిని.

కారు స్కోడావారి ఆక్టావియా ఆర్‌ఎస్, 2018వ సంవత్సరపుది. పైకి నాలుగు తలుపుల సంసారపు కారువలెనే యుండును. బానెట్టు క్రింద మాత్రము 230 అశ్వశక్తుల యింజను గలదు. మన వీధులలో తిరుగు చిన్నకార్లకు ఎనుబది, తొంబదికి మించి యుండవు. నిలిచిన చోటినుండి యేడు సెకండ్లలోపల నిది నూఱు కిలోమీటర్ల వేగ మందుకొనును. ఈ తరము కారు 2017లో మన దేశమున నమ్మకమునకు వచ్చినది. 2020లో బలము కొంత హెచ్చించి, 200 కార్లు మాత్రము, ఒక్కొక్కటి 36 లక్షలకు రవంత తక్కువగా నమ్మిరి. 2025 అక్టోబరులో వచ్చిన క్రొత్తవి నూఱే. వెల దాదాపు 50 లక్షలు. అయినను అన్నియు ముందే చెల్లిపోయినవి. "క్రొత్తది యేబది యైనప్పుడు పాతది యిరువదికి వచ్చుట చవుక కాదా?" అని యా యింటాయన వాదము. పట్టుచీరల దుకాణములో మనమును ఈ వాదమే చేయుదుము గనుక నేను నవ్వలేదు.

ఆయనను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. తండ్రి నాచారపు పారిశ్రామికవాడలో ముప్పదియేండ్లు సైకిలుమీద పనికి పోయి వచ్చినవాడు. కొడుకు నోటుపుస్తకపు టట్టలోపల కార్ల బొమ్మలంటించుకొని పెరిగినవాడు. ఇప్పుడు నలువదియాఱేండ్లు. మంచి యుద్యోగము, చెడ్డ యలవాటొక్కటియు లేదు. దినమును హబ్సిగూడలో మెట్రో యెక్కి రాయదుర్గమున దిగును. ఇట్టివాని కోరికను వెఱ్ఱి యని త్రోసివేయుట నాకు న్యాయముగా దోచలేదు. మన పెట్టెలలోని కాసులపేరు మాత్రము ఏ యక్కఱ తీర్చుచున్నది?

అయితే డబ్బు వచ్చు త్రోవ వేఱుమాట. ఏడు లక్షలు ఆయన కూడబెట్టినవి. ఎనిమిది లక్షలు అమ్మాయి యింజనీరింగు చదువునకై బ్యాంకులో వేసినవి. తక్కిన యైదు లక్షలకు ఇల్లాలి బంగారము తాకట్టు. అమ్మాయి యిప్పుడు ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము. ఆ పిల్ల వంటింటి గడపలో నిలుచుండి మా మాటలన్నియు విని, ఒక్క మాటయు ననక, లోపలికి పోయినది. అది నేను చూచితిని, తండ్రి చూడలేదు.

కారు ఉప్పలు చౌరస్తాకు లోపలి వీధిలో నున్నది. మేము వచ్చుటకు ముందు ఇంజను వేడిచేయవలదని చెప్పి పంపితిమి. చల్లగా నున్న యింజనును మన యెదుట మొదటిసారి తిప్పినపుడే దాని యసలు గొంతు వినబడును; వేడెక్కిన తరువాత దగ్గు కూడ పాటగానే యుండును. ఇంజను బాగుగనే పలికినది. పొగ లేదు.

టైర్లు చూచినచో తళతళ లాడుచున్నవి. కాని ప్రతి టైరు ప్రక్కను నాలుగంకె లచ్చువేసియుండును: మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. నాలుగింటిమీదను 2118 అని యున్నది. అనగా 2018లో ఇరువదియొకటవ వారమున చేసినవి. అమ్మువాడు గర్వముగా "పదునెనిమిది వేల కిలోమీటర్లే తిరిగినదండీ" అనుచుండెను. తిరుగకపోవుట యంత్రమునకు గొప్ప గాదు. చౌమహల్లా ప్యాలెసులో ఆఱవ నిజాము తెప్పించిన రోల్సురాయిసు కారున్నది. నూఱేండ్లు దాటినను నాలుగు వందల మైళ్ళయిన తిరుగలేదని చెప్పుదురు. అది ప్రదర్శనశాలలో నుండదగినదే. మనము ఆలుబిడ్డలతో కూర్చుండి పోవలసిన కారునకు, కదలక యెండిన రబ్బరు ప్రాణాపాయము. అందులోను వేగము గల కారునకు. ఆ నాలుగు టైర్లు మార్చిన గాని బయలుదేరరాదు.

తరువాత టార్చిలైటు తెప్పించితిని. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వాన ఉప్పలు, రామంతాపురము, హబ్సిగూడ వాసులు మఱవరు. ఇండ్లముందరి కార్లు నీట మునిగినవి. మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, అత్తరు చల్లి యమ్మువారు లోకములో లేకపోలేదు. సీటుబెల్టును చివఱి వఱకు లాగి చూడుడు. బురదచాఱ అక్కడ నిలుచును. అదనపు చక్రముండు గుంటలో చేయి పెట్టుడు. సీటు క్రింది మరలకు త్రుప్పు పట్టినదేమో చూడుడు. ఈ కారులో నవేవియు లేవు. ఒప్పుకొనవలసినదే.

నాచారములో మాకు తెలిసిన మేస్త్రీ షెడ్డునకు తీసికొనిపోయి కారును పైకెత్తించితిమి. ఆ ప్రొద్దంతటికి ఖర్చైనది రెండు వేల రూపాయలు. ఇరువది లక్షల బేరములో దానికి మించిన సద్వ్యయము లేదు. గేరుపెట్టెలోని నూనె అరువదివేల కిలోమీటర్లకొకసారి మార్చవలె ననియు, బ్రేకుల పళ్ళెము లరిగినచో చిన్నకారు వెలలకు దొరక వనియు మేస్త్రీ చెప్పెను. ఇప్పుడు బంకులలో పోయు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు గనుక, 2018 కారునకు ఎంతపాలు తగునో కంపెనీవారి పుస్తకములో చదువుమనెను. పుస్తకము అమ్మువాని యొద్ద లేదు.

ఇంక కాగితములు. సోదరులు యింజనులో తల దూర్చినప్పుడు సోదరి కాగితములు పట్టుకొనవలెనని నా నియమము. సర్కారువారి వాహన పట్టికను ఫోనులోనే చూడవచ్చును. ఎన్నవ యజమాని, బీమా యెప్పటి వఱకు, అప్పు నమోదున్నదా యని అందుండును. చలానులు వేఱుగా చూడవలెను. చూడగా బ్యాంకు పేర అప్పు నమోదు ఇంకను నున్నది. "తీర్చివేసితినండీ, కొట్టివేయించుట యొక్కటే తరువాయి" అని యతడనెను. తీర్చియుండవచ్చును. కాని బ్యాంకువారి యభ్యంతరము లేదను పత్రమును, 35వ నమూనాయు రవాణా కార్యాలయమున చేరి ఆ పేరు పోవువఱకు, ఒక్క రూపాయి బయానా యియ్యవలదని నేను ఖండితముగా జెప్పితిని.

నా ఖండితమునకు కారణము గలదు. కొన్నేండ్ల క్రిందట మేమే మా పాతకారు నమ్మితిమి. కొన్నవాడు తన పేర వ్రాయించుకొనలేదు. రెండేండ్లు వాని చలానులు మా యింటికి వచ్చుచుండెను. మేము చలానులతోనే తప్పించుకొంటిమి. అమ్మినను రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో, ప్రమాదము జరిగినప్పుడు వారే యజమానులుగా బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 29, 30 నమూనాలపై సంతకములు చేసి జేబులో పెట్టుకొనుట బదిలీ కాదు. అమ్మినవారు 14 దినములలో తెలుపవలెను. కొన్నవారు 30 దినములలో తమ పేర వ్రాయించుకొనవలెను. బీమాయు మార్చుకొనవలెను. ప్రమాదములు చేయనందుకు వచ్చు బీమా తగ్గింపు అమ్మినవానితోనే పోవును. అది కారుతో రాదు.

దీనికి ముందు ఆయన మనస్సు వేఱొక రాష్ట్రపు నంబరుగల రెండు సీట్ల విదేశపు కారుమీద నుండెనట. 2025 సెప్టెంబరులో కేరళమున కస్టమ్సువారు, భూటానునుండి దొంగదారిన వచ్చినవను కార్లను డబ్బిచ్చి కొన్నవారి యిండ్లనుండి పట్టుకొనిపోయిరని చదివి దానిని విడిచెను. పత్రికలు చదువుట యూరక పోదు.

ఇంతలో నొక చిత్రము జరిగినది. తిరుగు ప్రయాణమున కారు నడుపుమని ఆయన భార్యకే యిచ్చెను. ఆమె పదేండ్లుగా బడికి, బజారుకు కారు నడుపుచున్నది. ఉప్పలు చౌరస్తా జనసమ్మర్దములో మెల్లగా పోనిచ్చి, త్రోవ కొంచెము తెఱపి యిచ్చినచోట పాదము కొద్దిగా నొక్కినది. కారు ముందుకు దూకలేదు. పెద్దపులి లేచి నిలుచున్నట్లు, సడి లేక, మమ్ము వీపుల కంటించినది. మరుక్షణమే బ్రేకు వేసినది. స్పీడు బ్రేకరునొద్ద, చంటిబిడ్డను గడప దాటించినట్లు, ఐమూలగా నెక్కించి దింపినది. ఇల్లు చేరువఱకు ఆమె పలుకలేదు. దిగి, తాళపుచెవి యిచ్చి, "అక్కయ్యా, నాకును కావలెననిపించుచున్నది" అని నాతో మెల్లగా ననినది. అంతకు ముందు భర్త కోరిక నెదుర్కొనుట యొక్కటే పని. ఇప్పుడు తన కోరికయు వచ్చి కూర్చున్నది.

అందుచేతనే లెక్క ఆ సాయంకాలమే వేసితిమి. దినపుపనికి మెట్రో యున్నది గనుక ఇది యాదివారపు కారు. ఆదివారమునకు యాదగిరిగుట్టకు పోయి వచ్చినంతకు కొంచెము హెచ్చు, నెలకు 600 కిలోమీటర్లనుకొందము. లీటరునకు ఎనిమిదే వచ్చినచో 75 లీటర్లు. 107 రూపాయల వంతున నెలకు ఎనిమిది వేలు, ఏటికి 96,000. బీమాకు 50,000, సర్వీసుకు 40,000, టైర్లకు ఏడాదివంతు 20,000 మా యంచనా. తాకట్టుపై వడ్డీ నూటికి తొమ్మిది చొప్పున 45,000. పిల్ల పేరనున్న యెనిమిది లక్షలకు రాకపోవు వడ్డీ నూటికి ఏడు చొప్పున 56,000. మొత్తము 3,07,000. ఏబదిరెండు ఆదివారములకు పంచగా ఒక్కొక్క యాదివారమునకు దాదాపు 5,900 రూపాయలు. కారు వెల తఱుగుట యిందులో చేరలేదు. ఔటరు రింగు రోడ్డుమీదను 120కి మించి పోరాదు గనుక, ఆ వేగములో సగము చట్టము ననుసరించి ఎక్కడను వాడుకొనలేమని కూడ వ్రాసితిమి.

ఆయన కాగితము చాలసేపు చూచెను. "టైర్లు మార్పించి పదునెనిమిదికిచ్చినచో?" అని యడిగెను. నా యభిప్రాయ మడిగినారు గనుక చెప్పితిని: పిల్ల డబ్బు ముట్టక, బంగారము గడప దాటక కొనగలిగిన నాడు కొనుడు, ఆ నాటివఱకు చూచుటకు డబ్బక్కఱలేదు. ఆ యేడు లక్షలు ఇంక రెండేండ్లు పెరుగనిండు, పిల్ల సీటు తేలనిండు. అప్పుడు ఈ కారు కాకున్న మఱియొకటి దొరకును. నేనైతే ఆ యెఱ్ఱకారును వలదని చెప్పను. ఆ యెనిమిది లక్షలతో కొనవలదని చెప్పుదును. ఆయన ఔననలేదు, కాదనలేదు. అత్తగారు మాత్రము, "మీ మామయ్య సైకిలుకు ముప్పదియేండ్లలో రెండుసార్లే టైర్లు మార్చినాడమ్మా" అనినది. అది నిజమని నేను నమ్మను.

రెండు వారములకు అమ్మువాని ఫోను వచ్చినదట: ఎవరో యేమియు నడుగక పందొమ్మిది లక్షలిచ్చి తీసికొనిపోయినారని. ఆ రాత్రి ఆయన భోజనమువేళ మాటలాడలేదని యా సోదరి వ్రాసినది. పిల్ల తన పళ్ళెము తీసికొనివచ్చి తండ్రి ప్రక్కను కూర్చున్నదట.

నిన్న మఱియొక జాబు వచ్చినది. "అక్కయ్యా, మల్లాపురములో తెల్లది యొకటి యున్నదట. అప్పు నమోదు లేదు, ఫోనులో నేనే చూచితిని. కొనుటకు గాదు, చూచి వచ్చుటకే. ఈసారి టార్చిలైటు మా యింటిదే తెచ్చుకొందును. ఆదివారము మీకు తీరిక యున్నదా?"