వెనుక సీటు చాటున దాచిన వేడి



రక్తపోటు గురించి, మధుమేహం గురించి వ్రాసే ఈ ముసలి వైద్యుడు కారులో పాటల యంత్రం గురించి వ్రాయడమేమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. చదివిన తరువాత ఆ ఆశ్చర్యం ఉండదని నా నమ్మకం.

గత వేసవిలో మా మేనల్లుడు భార్యాబిడ్డలతో నరసరావుపేట నుండి గుంటూరు వచ్చాడు. కారు కొత్తది. దిగీదిగగానే అతని ఐదేళ్ల కూతురు నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, నా సీటు కాలుతోంది" అన్నది. ఎండకు కాలి ఉంటుందిలే అని తల్లి తేలికగా తీసివేసింది. గంటసేపు ఏసీ నడిచిన కారులో ముందు సీటు చల్లగా ఉండి వెనుక సీటు వీపు మాత్రమే కాలడమేమిటని నాకు అనుమానం కలిగింది. వెళ్లి చేయి పెట్టి చూశాను. వంటింటి పొయ్యికి అవతలి గోడను తాకినట్లు ఉన్నది.

డిక్కీ తెరిపించాను. సీటు వెనుక భాగానికి నల్లని కార్పెట్టు అంటించిన చెక్క పలక బిగించి ఉన్నది. మరలు విప్పితే దాని చాటున ఆంప్లిఫయర్ కనబడింది. ఒక ప్రక్క సీటు స్పాంజి, మరొక ప్రక్క చెక్క, నడుమ గాలి ఆడే సందు లేదు. దాని మీద అరచేయి ఆనించి మూడు అంకెలు లెక్కపెట్టలేకపోయాను. మేనల్లుడు నవ్వుతూ, "మావయ్యా, ఇది బయటకు కనబడకూడదు, వేడెక్కకూడదు. ఏదైనా ఉపాయం చెప్పు" అన్నాడు. బిగించిన దుకాణంవాడు ఒక చిన్న ఫ్యాను పెడితే సరిపోతుందన్నాడట.

మిత్రులారా, ఆ ప్రశ్నలోనే దోషం ఉన్నది. దానిని దాచకుండా చెప్పడానికే ఈ వ్యాసం.

జ్వరం రోగం కాదు, రోగ లక్షణం. వైద్య విద్యార్థికి తొలినాళ్లలోనే నేర్పే పాఠమిది. ఆంప్లిఫయర్ వేడి కూడా అంతే. బ్యాటరీ నుండి తీసుకున్న విద్యుత్తులో స్పీకరుకు చేరనిదంతా వేడిగా మారుతుంది. ఏబీ తరగతి అని పిలిచే పాత పద్ధతి యంత్రాలలో దాదాపు సగం ఇట్లా వేడిగా పోతుంది. డీ తరగతి యంత్రాలలో ఈ నష్టం చాలా తక్కువ, పదింట ఒకటి రెండు వంతులు. ఈ వేడిని బయటకు పంపడానికే దాని శరీరానికి అల్యూమినియం రెక్కలు ఉంటాయి. ఆ రెక్కలకు గాలి తగలకపోతే అవి ఉండీ లేనట్లే. జ్వరం వచ్చినవానికి చెమట పట్టాలని రెండు దుప్పట్లు కప్పి, తలుపులు మూసే ఇళ్లను ఉద్యోగ జీవితమంతా చూశాను. సీటు వెనుక స్పాంజికి ఆనించి చెక్క మూయడం ఆ కోవలోని పనే. అందులో ఫ్యాను పెట్టడమంటే, మూసిన గదిలోని ఉడుకు గాలినే మళ్లీ మళ్లీ రోగి మీదకు విసరడం. గాలి లోపలికి రావడానికి ఒక దారి, పోవడానికి మరొక దారి లేని చోట ఫ్యాను వలన చప్పుడు తప్ప ప్రయోజనం లేదు.

మన పల్నాటి ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. రెంటచింతల పేరు వేసవి వార్తలలో మీరు వినే ఉంటారు. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం వింత కాదు. ఇట్టి యంత్రాలలో చాలావరకు, తమ లోహపు ఒళ్లు 80 డిగ్రీల ప్రాంతానికి చేరితే తమంతట తామే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అనగా మన కారులో అది పని మొదలుపెట్టే నాటికే మూడు వంతుల దూరం ప్రయాణించి ఉన్నది. ఇక మిగిలిన 20 డిగ్రీలలో ఎంతసేపు పాడుతుంది? పైగా, లోపలి కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇంచుమించు సగమవుతుందన్నది ఇంజనీర్లందరూ ఎరిగిన సూత్రం.

అయితే యంత్రం చెడిపోవడం గురించి నాకు దిగులు లేదు. చెడితే మరొకటి కొనుక్కుంటారు. నా దిగులు అది ఆగిపోయిన తరువాత మనవాళ్లు చేసే పని గురించి.

పాట ఆగగానే మనవారికి అది హెచ్చరికగా తోచదు, అవమానంగా తోచుతుంది. దుకాణానికి తీసుకువెళ్లి "ఆగకుండా చెయ్యి" అంటారు. పూర్వం మన ఇళ్లలో ఫ్యూజు పోతే ఆ పింగాణీ బిళ్లలో లావుపాటి తీగ చుట్టి, "ఇక ఎప్పటికీ పోదు" అని సంతోషించేవారు గుర్తున్నదా? కారులోనూ అదే బుద్ధి పనిచేస్తున్నది. 30 ఆంపియర్ల ఫ్యూజు పోతే 60 ఆంపియర్లది పెడతారు. ఫ్యూజు ఉన్నది యంత్రాన్ని కాపాడడానికని వారి భావన. కాదు. ఫ్యూజు కాపాడేది తీగను. తీగ మోయలేని విద్యుత్తు ప్రవహించినప్పుడు తీగకు బదులు తాను కాలిపోవడమే దాని ఉద్యోగం. దానిని బలపరిస్తే, కాలవలసిన వంతు తీగకు వస్తుంది. ఆ తీగ పోయేది ఎక్కడి నుండి? ఇంజను గది గోడ రంధ్రం గుండా, మన కాళ్ల క్రింద కార్పెట్టు అడుగున, పిల్లలు కూర్చున్న సీటు దాకా.

ఇక్కడ వైద్యునిగా నాకు తెలిసిన విషయం ఒకటి చెప్పాలి. అగ్నిప్రమాదాలలో మనుషులు ఎక్కువగా పోయేది మంట వలన కాదు, పొగ వలన. కారు సీట్లలో ఉండే పాలీయురేథేన్ స్పాంజి కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు కూడా వెలువడుతుంది. మొదటిది రక్తంలోని ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. రెండవది కణాలు ఆ ప్రాణవాయువును వాడుకోకుండా అడ్డుపడుతుంది. రెండూ కలిసి కారు వంటి ఇరుకైన చోట నిండడానికి ఎంతోసేపు పట్టదు. మనిషి ముందు తికమకపడతాడు, తలుపు పిడి ఎక్కడున్నదో తోచదు, తరువాత స్పృహ తప్పుతాడు. వెనుక తలుపులకు పిల్లల తాళం వేసి ఉంటే లోపలి నుండి తెరవడానికి వీలే లేదు. ఇన్ని తెలిసినవాడు ఐదేళ్ల పిల్ల వీపు వెనుక, స్పాంజికి ఆనించి, కాలే లోహపు ముక్కను ఎట్లా అంగీకరిస్తాడు?

"కంపెనీవాళ్లు కూడా సీటు క్రింద ఆంప్లిఫయర్ దాచి ఇస్తున్నారు కదా" అని మేనల్లుడు వాదించాడు. న్యాయమైన ప్రశ్నే. ఇస్తున్నారు. కాని వారు తమ స్పీకర్లకు సరిపోయినంత చిన్నదే పెడతారు, దానికి గాలి చోటు ముందుగానే వదులుతారు, తీగ లావూ ఫ్యూజూ లెక్క ప్రకారం ఇస్తారు, ఎండలో పరీక్షించి చూస్తారు. బజారులో గంటన్నరలో బిగించినదాన్ని దానితో పోల్చడం, శస్త్రచికిత్స గదిలో వేసిన కుట్టును గోనెసంచి కుట్టుతో పోల్చడం వంటిది.

వాట్ల మోసం సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ పెట్టె మీద 3000 వాట్లు అని బంగారు అక్షరాలతో ఉన్నది. దానికి ఉన్న ఫ్యూజు 30 ఆంపియర్లు. ఇంజను నడుస్తున్నప్పుడు కారు విద్యుత్తు దాదాపు 14 వోల్టులు. గుణించండి: 420 వాట్లు. లోపలికి వెళ్లేదే 420 అయినప్పుడు బయటకు 3000 ఎట్లా వస్తుంది? సగం వేడిగా పోగా, నిలకడగా స్పీకరుకు దక్కేది 200 పైచిలుకు. ఏడవ తరగతి పిల్లవాడు చేయగల ఈ లెక్కను ఇంజనీరింగు చదివిన మా వాడు చేయలేదు. ఆ అంకెను నమ్మి దానికి రెండు పెద్ద స్పీకర్లు తగిలించాడు. 4 ఓంల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 2 ఓంలు అవుతుంది. యంత్రం మీద పడే విద్యుత్తు భారం రెట్టింపు. అది చాలదని గెయిన్ మరను చివరిదాకా త్రిప్పారు. గెయిన్ అనేది శబ్దం పెంచే మర కాదు, స్టీరియో నుండి వచ్చే సంకేతానికి యంత్రాన్ని సరిపెట్టే మర. దానిని చివరికి త్రిప్పితే పాట అంచులు తెగిపోతాయి, వేడి మరింత పెరుగుతుంది, స్పీకరూ దెబ్బతింటుంది. జ్వరానికి అసలు కారణాలు ఇవి. వీటిని వదిలి ఫ్యాను అడగడం, పుండును వదిలి మాత్ర అడగడమే.

ఇక చెవి మాట. 80 డిగ్రీల దగ్గర ఆ యంత్రం తన్ను తాను ఆపుకుంటుంది. మీ చెవికి అట్టి ఏర్పాటు లేదు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు బిగుసుకునే స్టెపీడియస్ అనే చిన్న కండరం ఒకటి ఉన్నది గాని, దాని రక్షణ స్వల్పం, త్వరగా అలసిపోతుంది. లోపలి చెవిలోని సూక్ష్మ రోమ కణాలు మనకు పుట్టుకతో వచ్చినవే. ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చునని పని ప్రదేశాలకు వాడే ఒక లెక్క. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలం సగమవుతుంది. 94 అయితే ఒక గంట. 100 అయితే పావుగంట. అద్దాలు బిగించిన కారులో, వెనుక పలక మీద స్పీకర్లు ఉన్నప్పుడు, ఆ 100 అందరికంటే దగ్గరగా అందేది వెనుక కూర్చున్న పసిబిడ్డకు. పరికరం లేకుండా గుర్తించే ఉపాయం ఒకటి చెబుతాను: చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడడానికి గొంతు పెంచవలసి వస్తే శబ్దం హద్దు దాటినట్లే. దిగిన తరువాత చెవులలో గుయ్యిమంటే ఇదివరకే దెబ్బ తగిలినట్లు.

శబ్దం వలన వచ్చే చెవుడు మెల్లగా వస్తుంది, ముందు హెచ్చు స్థాయి ధ్వనులను తీసుకుపోతుంది. స, ష వంటి అక్షరాలు జారిపోతాయి. "వినబడుతోంది డాక్టరుగారూ, ఏమన్నారో తెలియడం లేదు" అంటూ నా దగ్గరకు వచ్చిన ముప్పై ఏళ్లవారు ఉన్నారు. పూర్వం ఆ మాట అరవై దాటినవారి నోటనే వినేవాడిని. ఇంకొక సంగతి: అంత హోరులో వెనుక వస్తున్న 108 బండి కూత వినబడదు. ఆ బండిలో ఉన్నవారికి ఒక్కొక్క నిమిషం ఎంత విలువైనదో, ఆసుపత్రి వాకిట నిలబడి ఎదురుచూసినవాడిని నాకు తెలుసు.

పాటలు వద్దని నేను అనడం లేదు. నేనూ ఘంటసాలను వింటూనే ప్రయాణం చేస్తాను. పెట్టుకోదలచినవారు డీ తరగతి చిన్న యంత్రం తీసుకోండి. డిక్కీ ప్రక్క గోడకు, రెక్కలు నిలువుగా ఉండేటట్లు, నాలుగు వైపులా రెండేసి అంగుళాలు వదిలి, కనబడేటట్లే బిగించండి. పై పలకకు తలక్రిందులుగా వ్రేలాడదీయకండి. వేడి పైకి పోతుంది గనుక తిరిగి దాని ఒంట్లోకే చేరుతుంది. తీగ అసలు రాగిదై ఉండాలి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చూపునకు లావుగా ఉన్నా అంత మోయలేదు. ఇంజను గది గోడలో తీగ దూరే రంధ్రానికి రబ్బరు వలయం ఉండాలి, లేకుంటే రేకు అంచు తీగను కోస్తుంది. అన్నిటికంటె ముఖ్యం, బ్యాటరీ నుండి మూరెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. యంత్రం దగ్గర ఉన్న ఫ్యూజు ఈ పని చేయదు. బ్యాటరీకీ దానికీ నడుమ ఉన్న పన్నెండడుగుల తీగకు కాపలా ఎవరు?

ఆ సాయంత్రమే మేనల్లుడితో బానెట్ తెరిపించాను. బ్యాటరీ నుండి ఎర్ర తీగ నేరుగా గోడలోకి పోతున్నది. ఫ్యూజు లేదు. బిగించినవానికి ఫోను చేస్తే, "మీరు అడగలేదు కదండీ, అడిగితే పెట్టేవాళ్లం" అన్నాడు. మర్నాడు వేరొక మెకానిక్కు చేత తీగ మార్పించి, ఫ్యూజు పెట్టించి, ఆ యంత్రాన్ని సీటు వెనుక నుండి తీసి డిక్కీ ప్రక్క గోడకు బిగించాము. ఫ్యూజుకూ దాని గూటికీ కలిపి అతను తీసుకున్నది మూడు వందల రూపాయల లోపే. డిక్కీలో ఒక పెట్టె పట్టే చోటు తగ్గిందని మా మేనల్లుడు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడు.