పక్కింటోడు ఇచ్చే సర్టిఫికెట్‌తో జాతి పుట్టదు



"ఉక్రెయిన్ అసలు దేశమే కాదు, వాళ్ళూ రష్యన్లే, ఇద్దరిదీ ఒకే జాతి" అనే పోస్టులు మన గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాయి. మన తమ్ముళ్ళే లైకులు కొడుతున్నారు. మేము దీనికి ఒప్పుకోం. ఎందుకో ఓపిగ్గా చదవండి.

ఈ మాట పుతిన్‌తో మొదలు కాలేదు. 1863లోనే జార్ మంత్రి వాలుయెవ్ సర్క్యులర్ పంపాడు: ఉక్రెయిన్ భాష అంటూ వేరే ఏదీ లేదు, అది చెడిపోయిన రష్యనే అని దాని సారాంశం. 1876లో ఆ భాషలో అచ్చు పనినే దాదాపుగా నిషేధించారు. లేని భాషకు నిషేధం ఎందుకు?

తరాస్ షెవ్చెంకో 1814లో భూస్వామి కింద వెట్టి కుటుంబంలో పుట్టినవాడు. పల్లెటూరి మాట అని చులకన చేసిన భాషలోనే కవిత్వం రాశాడు. 1847లో సైన్యంలో సిపాయిగా ప్రవాసం పంపి, రాయొద్దు, బొమ్మ గీయొద్దు అన్నారు. ఇవాళ ఆ జాతికి ఆయనే పెద్దదిక్కు.

"మరి జెలెన్‌స్కీది రష్యన్ మాట్లాడే కుటుంబమే కదా?" అంటారు. అవును, పైగా యూదు కుటుంబం. అయినా ఉక్రెయిన్‌వాడే. భాష ఒక్కటే జాతి కాదు. 1932-33లో ధాన్యం ఊడ్చుకుపోతే లక్షల మంది ఆకలితో చచ్చిపోయిన జ్ఞాపకం కూడా జాతే. కలిసి తీసుకున్న నిర్ణయం కూడా జాతే. 1991 డిసెంబరు 1న 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. రష్యన్ ఎక్కువగా వినిపించే దొనెత్స్క్, లుహాన్స్క్‌లలోనూ 80 శాతం దాటింది. క్రిమియాలో సగం మీద కొంచెమే ఎక్కువ, అయినా అక్కడా అవుననే అన్నారు.

అలాగని ఉక్రెయిన్‌ను నెత్తిన పెట్టుకోం. 1944లో స్టాలిన్ క్రిమియా తాతార్లను ఊళ్ళకు ఊళ్ళే రైళ్ళలో ఎక్కించి తరిమేశాడు. స్వతంత్ర ఉక్రెయిన్ వాళ్ళను మూలవాసులుగా గుర్తించింది 2014లో, క్రిమియా చేజారాక. చట్టం వచ్చింది 2021లో. అంతదాకా ఏం చేశారని అడగాల్సిందే. కానీ ఆలస్యంగానైనా మూలవాసులకు చోటిచ్చిన జాతి భావనే గట్టిది. ఒకే రక్తం, ఒకే భాష అనేది కాదు.

"మీది భాష కాదు, యాస. లిపేది?" అని గోండి, కోయ మాట్లాడే మనల్ని ఎందరు అన్లేదు? ఈ రెండూ ఇంకా ఎనిమిదో షెడ్యూల్‌లో లేవు. అదే మాట ఇంకో జాతి మీద పడుతుంటే మనం చప్పట్లు కొడతామా? యుద్ధంలో ఎవరి పక్షమో మీ ఇష్టం. "నువ్వు లేవు" అనే వాదన పక్కన మాత్రం ఆదివాసీ బిడ్డ నిలబడకూడదు.

జై ఆదివాసీ!