రేడియేషన్ చెత్తకు సిమెంటు ఒక్కటే చాలదు



క్యాన్సరు వైద్యానికి పట్టణం వెళ్ళి వచ్చినవారు, వారి ఇంటివారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరుగారూ, ఆ రేడియేషన్ చెత్తంతా ఏం చేస్తారండీ? సిమెంటులో కలిపి పాతిపెడతారటగా, అది నీళ్ళలోకి దిగదా?" అని. చాలా ఏళ్ళు మేము "అదంతా పెద్దవాళ్ళు చూసుకుంటారులే అమ్మా, నీకెందుకు బెంగ" అని పంపించేసేవాళ్ళం. అది సరైన జవాబు కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము. అడిగినవారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ఏది చెత్త, ఏది కాదు?

ఎక్స్‌రే, సి.టి. స్కాను మిషన్ల వల్ల రేడియోధార్మిక చెత్త రాదు. స్విచ్చి ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. మన ఎక్స్‌రే గది పక్కన కూర్చోవడానికి భయపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

థైరాయిడ్ క్యాన్సరుకు ఇచ్చే అయోడిన్-131 వంటి మందుల వల్ల మాత్రం చెత్త వస్తుంది. సిరంజీలు, దూది, గ్లౌజులు, రోగి మూత్రం ఇందులోకి వస్తాయి. అయితే అయోడిన్-131 ప్రతి 8 రోజులకు సగానికి తగ్గిపోతుంది. 80 రోజులకు దాదాపు వెయ్యో వంతు మిగులుతుంది. అందుచేత ఆ మందు ఇచ్చే ఆసుపత్రులు మూత్రాన్ని ప్రత్యేకమైన ట్యాంకులలోను, దూది వగైరాలను తాళం వేసిన గదిలోను ఉంచి, మీటరుతో కొలిచి చూసిన తర్వాతే వదులుతాయి. దీనికి సిమెంటు అక్కరలేదు, ఓపిక చాలు.

సిమెంటు అవసరం ఎక్కువకాలం ఉండేవాటికి. అణువిద్యుత్ కేంద్రాలలో నీటిని శుద్ధి చేయగా మిగిలే మడ్డి, గుడ్డలు, కాగితాలు కాల్చగా మిగిలే బూడిద ఈ రకం. వీటిలో ఉండే సీసియం-137 సగం కావడానికి 30 ఏళ్ళు పడుతుంది. దాన్ని గదిలో పెట్టి తాళం వేసుకుని కూర్చోలేము కదా. అన్నిటికంటె తీవ్రమైన వ్యర్థాలకు సిమెంటు పనికిరాదు. వాటిని గాజుతో కలిపి కరిగించి గట్టిపరుస్తారు. ఆ సంగతి వేరు.

పిండికట్టు లాంటిదే

చెయ్యి విరిగినవారికి మేము పిండికట్టు వేస్తాము. ఆ కట్టు ఎముకను అతికించదు. ఎముక అతుక్కునేవరకు కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. సిమెంటు చేసే పని కూడా అదే. అది రేడియేషన్‌ను చంపదు. కాలం గడిచి దానంతట అది తగ్గేవరకు నీళ్ళలోకి, గాలిలోకి పోకుండా పట్టి ఉంచుతుంది.

ఇల్లు కట్టించిన ప్రతివారికి సిమెంటు గుణం తెలుసు. నీళ్ళు ఎక్కువ పోస్తే గుల్లబారుతుంది, తక్కువ పోస్తే సరిగా కలవదు. ఇక్కడా అంతే. పైగా మడ్డిలో ఏ రసాయనాలున్నాయో ముందే పరీక్ష చేయాలి. బోరిక్ ఆమ్లం ఉంటే సిమెంటు త్వరగా గట్టిపడదు, కాబట్టి సున్నం కలుపుతారు. సీసియం నీటిలో తేలికగా కరిగే రకం, సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోలేదు. అందుకని దాన్ని పట్టి ఉంచే వర్మిక్యులైట్ అనే ఖనిజాన్ని చేరుస్తారు. ముద్ద గట్టిపడ్డాక బలం ఎంతో చూస్తారు, నీళ్ళలో నానబెట్టి ఎంత బయటికి వస్తోందో కొలుస్తారు. ఆ తర్వాత డ్రమ్ములను కాంక్రీటు గోతులలో ఉంచి మూసివేస్తారు. చుట్టూ బోర్లు వేసి, ఆ నీటిని తీసి పరీక్షిస్తుంటారు. మన దేశంలో అణుకేంద్రాల ఆవరణలలో జరిగేది ఈ పద్ధతే.

తక్కువ స్థాయి వ్యర్థాలకు ఇది మంచి పద్ధతే అని మా అభిప్రాయం. ఖర్చు తక్కువ, చేసేవారికి అపాయమూ తక్కువ. కాని సిమెంటు పోశాము కాబట్టి పని అయిపోయింది అనుకుంటేనే ప్రమాదం.

సిమెంటు పోసినా జరిగినవి

1946 నుండి చాలా దేశాలు ఇలాంటి డ్రమ్ములను సముద్రంలో పడవేశాయి. కొన్నిటిలో సిమెంటు కూడా పోశారు. 1993లో అంతర్జాతీయ ఒప్పందంతో దాన్ని పూర్తిగా నిషేధించారు. అక్కడ లోపం సిమెంటుది కాదు. మళ్ళీ వెళ్ళి చూడలేని చోట పెట్టడమే తప్పు.

ఫ్రాన్సులో లా మాన్ష్ అనే చోట 1969 నుండి 1994 వరకు ఐదు లక్షల ఘనపు మీటర్లకు పైగా వ్యర్థాలను ఉంచారు. వాటిలో ఉన్న ట్రీటియం అక్కడి భూగర్భ జలంలోకి చేరింది. ట్రీటియం నీటిలో నీరుగానే కలిసిపోతుంది గనుక దాన్ని సిమెంటు ఆపడం కష్టం. కనిపెట్టి ఉన్నారు గనుకనే అది తెలిసింది. ఆ స్థలాన్ని 300 ఏళ్ళు కనిపెట్టి ఉండాలని ఏర్పాటు చేసుకున్నారు. సీసియం-137 వెయ్యో వంతుకు తగ్గడానికి పట్టేది కూడా సుమారు అన్ని ఏళ్ళే.

కాపలా లేకపోతే ఏమవుతుందో బ్రెజిల్‌లోని గొయానియా పట్టణం చూసింది. మూసివేసిన ఒక క్లినిక్‌లో వదిలేసిన క్యాన్సరు మిషను నుండి 1987లో సీసియం బయటపడింది. అందులో ఉన్న మందు 100 గ్రాములు కూడా లేదు. పాత సామాను ధరకు ఆశపడి విప్పారు. నలుగురు చనిపోయారు, అందులో ఒకరు ఆరేళ్ళ పాప. శుభ్రం చేయగా వచ్చిన మట్టి, ఇళ్ళ శిథిలాలు సుమారు 3,500 ఘనపు మీటర్లు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత సామాను కొట్లలో కోబాల్ట్-60 వల్ల ఒకరు ప్రాణం కోల్పోయారు.

రిజిస్టరులో ఒక్క వాక్యం

ఇది మన దగ్గర జరగదా? కొన్నేళ్ళ క్రితం సున్నాలు వేయించడానికి పాత ఆపరేషన్ థియేటరు పక్క గది ఖాళీ చేయిస్తుంటే, ఒక బరువైన సీసం పెట్టె కనబడింది. సీసానికి మంచి ధర వస్తుందని వార్డు బాయ్‌లు సంబరపడ్డారు. పూర్వం గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు రేడియం సూదులు వాడేవారని మాకు తెలుసు. రేడియం సగం కావడానికి 1,600 ఏళ్ళు. మాకు కాళ్ళు వణికాయి. గదికి తాళం వేసి, పెద్దవారికి తెలియజేసి, మీటరు తెప్పించాము. పెట్టె ఖాళీ. పాత రిజిస్టరు వెదికితే, సూదులన్నీ లెక్కపెట్టి తిరిగి అప్పగించినట్లు ఒక సిస్టరుగారు సిరాతో రాసిన ఒక్క వాక్యం దొరికింది. ఆ వాక్యం ఒక్కటే మాకు ఆ రాత్రి నిద్ర పట్టించింది.

మా మనవి

ఏ ఆసుపత్రి అయినా రేడియేషన్ సామగ్రి కొనేటప్పుడే, దాన్ని తిరిగి అప్పగించడానికయ్యే ఖర్చు పక్కన పెట్టాలి. పనైపోయిన సోర్సును మూలన పడవేయకుండా సరఫరా చేసినవారికి గాని, అనుమతి పొందిన కేంద్రానికి గాని పంపి, రసీదు భద్రపరచాలి. వ్యర్థాలు ఉంచిన చోట బోరు నీటి పరీక్షల ఫలితాలు ఆ ఊరివారికి వారి భాషలో తెలియజేయాలి. "భయం లేదు" అని చెప్పడం కంటె అంకె చూపించడం మేలు. మూడు వందల ఏళ్ళు కాపలా కాసేది మనం కాదు, మన మనవల మనవలు. వారికి మనం అందించవలసినది సిమెంటు డ్రమ్ములు మాత్రమే కాదు, ఎక్కడ ఏమి ఉందో చెప్పే లెక్క కూడా.

మీకు కూడా ఒక మాట. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు ఉన్న పెట్టె గాని, ఎవరిదో తెలియని బరువైన సీసం డబ్బా గాని కనబడితే ముట్టుకోవద్దు, విప్పవద్దు, అమ్మవద్దు. పిల్లలను దూరంగా ఉంచి పోలీసువారికి చెప్పండి, మాకూ తెలియజేయండి. ఈ విషయంలో ఏ సందేహమున్నా వార్డులో మమ్మల్ని అడగండి. ఇకమీదట "పెద్దవాళ్ళు చూసుకుంటారులే" అని మాత్రం అనము.