భద్రత ఇంటి నుండే: సొంతంగా చేసుకొనే చేతి దీపం

స్కూటరు క్రింద దూరినపుడో, మోటారు పంపు మొరాయించినపుడో వెలుతురు చాలక, ఎల్.ఇ.డి. బల్బును విప్పి లోపలి పలకను అల్యూమినియం రేకుకు బిగించి చేతి దీపం తయారుచేసుకొనే అలవాటు మన కాలనీలలో కనిపిస్తున్నది. ఆ ఉత్సాహాన్ని మేము తప్పుపట్టడం లేదు; మేమూ ఆ పని చేసినవారమే. మొదటి రాత్రే ఆ దీపం మా మోచేతిని ఝల్లుమనిపించింది. కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండబట్టి ఈ శీర్షిక నేటికీ వెలువడుతున్నది.

విడి తెల్లని ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు చాలునన్న మాట నిజమే. అయితే చవక బల్బులు అనేకంలో లోపలి సర్క్యూటును 230 వోల్టుల సరఫరా నుండి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. పలకపై అతుకులను తాకితే మెయిన్స్‌ను తాకినట్లే. అలల శిఖరాన అది 325 వోల్టులు. పలక వెనుకనున్న అల్యూమినియానికీ, పైనున్న రాగి గీతలకూ నడుమ ఉన్నది పలుచని పొర మాత్రమే. మేము బిగించిన మరమేకు దానినే చీల్చినది. రేకంతా లైవు అయినది.

కనుక బల్బు జోలికి పోవద్దు. 12 వోల్టుల ఎల్.ఇ.డి. స్ట్రిప్పు, బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ సంఖ్య ముద్రించిన అడాప్టరు తెచ్చుకొనండి. స్ట్రిప్పును గుర్తున్న చోటనే కత్తిరించాలి. చుట్టగా ఉంచి వెలిగించరాదు, వేడెక్కుతుంది. మీటరుకు 4.8 వాట్ల రకం 2 మీటర్లు వాడితే 9.6 వాట్లు, అనగా 0.8 ఆంపియరు. 1 ఆంపియరు అడాప్టరు సరిపోవునట్లే తోచును గాని, 2 ఆంపియర్లది చల్లగా పనిచేస్తుంది. అడాప్టరు పొడి చోట గోడ దగ్గరే ఉండాలి. చేతిలోకి వచ్చేది 12 వోల్టుల తీగ మాత్రమే.

బ్యాటరీతో వెలిగించేవారు ఫ్యూజు మరచిపోతుంటారు. 12 వోల్టులు మనిషిని కొట్టకపోవచ్చు, కాని తీగలు కలిసినచో బ్యాటరీ నుండి పెద్ద కరెంటు ప్రవహించి తీగ తొడుగు మండుతుంది. పై దీపానికి 2 ఆంపియర్ల ఫ్యూజు చాలు. దానిని ప్లస్ కొనకు జానెడు దూరంలోనే పెట్టాలి. దీపం దగ్గర పెడితే నడుమనున్న తీగకు రక్షణ ఏది?

ట్యాంకులు, పొగగొట్టాల వంటి ఇరుకు చోట్లలో తగిన రక్షణ ఏర్పాటు లేకుండా 24 వోల్టులకు మించిన చేతి దీపాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిషేధించినది. విధుల్లో ఆ నియమాన్ని పాటించిన మనమే, ఇంట్లో సంపు కడిగేటపుడు తడి తొట్టిలోకి 230 వోల్టుల బల్బును వేలాడదీస్తాము! ఆ పనికి ఈ 12 వోల్టుల దీపమే తగినది.

మా పాత పలకను పారవేశాము. రేకు మాత్రం దండుగ కాలేదు. ఇపుడు దానిపై స్ట్రిప్పు అంటించి ఉన్నది.